ఆ బంగారు ముసుగు ఎవరిది?

ప్రశ్న: గ్రీస్‌లోని మైసీనీలో దొరికిన బంగారు ముసుగు నిజంగా ట్రాయ్ మీదికి దండెత్తిన అగమెమ్నన్‌దేనా? ఆర్గోలిస్ ప్రాంతంలో ఇంకేం చూడొచ్చు?

జవాబు: కాదండీ. 1876లో అక్కడ తవ్విన జర్మన్ పురావస్తు పరిశోధకుడు ష్లీమన్ అలాగే నమ్మాడు, పేరూ అదే స్థిరపడిపోయింది, కానీ ముసుగు దొరికిన సమాధులు క్రీ.పూ. 16వ శతాబ్దం నాటివి, అంటే ట్రాయ్ యుద్ధం జరిగిందని చెప్పే కాలానికి సుమారు మూడు వందల ఏళ్ల ముందువి. ముసుగు ఇప్పుడు ఏథెన్స్ మ్యూజియంలో ఉంది. మైసీనీలో సింహాల శిల్పమున్న కోట ద్వారం (లయన్ గేట్) చూడండి. నన్నడిగితే మాత్రం దగ్గర్లోని టిరిన్స్ అనే పురాతన కోట గోడలే గొప్ప. ఆ బండల్ని చూసి పాతకాలపు గ్రీకులు ఇది ఒంటికన్ను రాక్షసుల పనే అనుకున్నారు. కంచరగాడిదల జత కూడా అందులో చిన్న రాయిని కదపలేదని ప్రాచీన గ్రీకు యాత్రికుడు పౌసానియస్ రాశాడు. పక్కనే నాఫ్లియో. 1834లో ఏథెన్స్‌కి మార్చేదాకా గ్రీస్ రాజధాని అదే!