టెన్షన్‌కి మెదడు కుంచించుకుపోతుందా?

ప్రశ్న: నా వయసు 36. రెండేళ్లుగా ఉద్యోగంలో విపరీతమైన టెన్షన్. ఈమధ్య తెలిసినవాళ్ల పేర్లు, వస్తువులు పెట్టిన చోటు మర్చిపోతున్నాను. ఒత్తిడి పెడితే ఎలుకల మెదడు కుంచించుకుపోతుందని ఎక్కడో చదివాను. నాకూ అదే జరుగుతోందా? మళ్లీ మామూలవుతుందా?
- ఓ పాఠకురాలు

జవాబు: మీరు చదివింది నిజమేనమ్మా, కానీ సగమే. ఆ ప్రయోగాల్లో ఎలుకలను రోజుకు 6 గంటల చొప్పున 21 రోజులు కదలనివ్వకుండా ఉంచారు. జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్‌లో నాడీకణాల కొమ్మలు పొట్టివయ్యాయి. కొమ్మలే సుమా, కణాలు చావలేదు. ఒత్తిడి ఆపాక ఆ కొమ్మలు మళ్లీ సాగాయి.

మెదడు మన బరువులో 2 శాతమే. కానీ ఒంట్లో ఖర్చయ్యే శక్తిలో దాదాపు 20 శాతం దానికే కావాలి, పైగా నిల్వలు చాలా తక్కువ. ఒత్తిడిలో ఒంట్లో ఊరే హార్మోన్ కార్టిసాల్ కాసేపు పెరిగితే మేలే, రక్తంలోకి గ్లూకోజ్ అందుతుంది. ఎలుకల్లో ఇదే పని చేసే కార్టికోస్టిరాన్ వారాల తరబడి ఎక్కువగా ఉంటే మాత్రం నాడీకణాలు గ్లూకోజ్ తీసుకోవడం తగ్గుతుంది, శక్తినిచ్చే మైటోకాండ్రియా మందగిస్తాయి. రాబడి తగ్గిన ఇల్లు ఖర్చులు కుదించుకున్నట్టు మెదడు కొమ్మలను ముడుచుకుంటుందని నాకనిపిస్తుంది.

భయానికి సంబంధించిన అమిగ్డాలాలో మాత్రం అంతా తలకిందులు. బెంగళూరులోని నేషనల్ సెంటర్ ఫర్ బయలాజికల్ సైన్సెస్ పరిశోధకులు చూసినప్పుడు అక్కడ కొమ్మలు పెరిగాయి, 21 రోజుల విశ్రాంతి ఇచ్చినా తగ్గలేదు. సెలవు పెట్టినా ఆందోళన వెంటనే వదలకపోతే కంగారు పడకండి అని నేను చెప్పేది అందుకే.

ఇంకో సంగతి. ఒకే జన్యువులున్న చిట్టెలుకలను 10 రోజులు రోజూ ఓ దూకుడు ఎలుక చేతిలో దెబ్బలు తిననిస్తే, చాలావరకు తోటి ఎలుకలకు దూరంగా నక్కాయి. దాదాపు మూడో వంతు మామూలుగానే కలిసిమెలిసి తిరిగాయి. అలాగని వాటికి బెరుకు లేదని కాదు, అదీ ఉంది. తట్టుకున్న వాటి మెదడులోనే ఎక్కువ జన్యువుల పనితీరు మారింది. అంటే అవి మొద్దుబారి ఊరుకోలేదు, లోలోపల సర్దుకున్నాయి.

ఎలుకల లెక్క మనకు అచ్చంగా వర్తించదు. మీ మతిమరుపును టెన్షన్ ఖాతాలో వేసే ముందు థైరాయిడ్, బి12 పరీక్షలు చేయించండి. నిద్ర ఎన్ని గంటలో వారం పాటు రాసుకోండి. రోజూ అరగంట చురుగ్గా నడవండి. తెలిసిన దారి తప్పుతున్నా, బతకాలనిపించకపోయినా ఆ వారం దాకా ఆగొద్దు, వెంటనే డాక్టర్‌ని కలవండి.