మా తమ్ముడు రోజూ ఇంగ్లీష్ పేపర్ చదివినా ఇంగ్లీష్ రావట్లేదు, బద్ధకమేమో అని ఒకరు అడిగినదానికి

మీ తమ్ముడి ప్రాబ్లం బద్ధకం కాదండి, ఆ పేపరే. టెన్త్ దాకా తెలుగు మీడియంలో చదివి డిగ్రీకి అమలాపురం వచ్చిన కుర్రోడు డైరెక్ట్‌గా ఎడిటోరియల్ పట్టుకుని ప్రతి పదానికీ డిక్షనరీ తీస్తుంటే, లైను చివరికొచ్చేసరికి మొదలు మర్చిపోతాడు, విసుగొచ్చేస్తుంది.

1. ముందు పేపర్ ఆపించండి.

2. అందరూ వదిలేసేది ఇదే. ఏ పుస్తకమైనా ఒక పేజీ చదివించి తెలియని పదాల కింద గీత పెట్టమనండి. వంద పదాలకి రెండు మూడు దాటితే అది ఇప్పుడు వద్దు, కింది లెవెల్‌కి దిగాలి. డిగ్రీలో ఆరో క్లాసు పుస్తకమా అని సిగ్గుపడి చాలామంది ఇక్కడే మానేస్తారు, దయచేసి ఇంట్లో ఎవర్నీ నవ్వనివ్వకండి.

3. స్టోరీవీవర్ అని పిల్లల కథల సైట్ ఉంది, అందులో కథలు ఫ్రీ, లెవెల్స్‌గా ఉంటాయి, చాలావాటికి తెలుగు కూడా ఉంటుంది. మన గవర్నమెంట్ స్కూల్ పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీష్, ఎదురు పేజీ తెలుగు ఉంటాయి కదా, పక్కింటి పిల్లల పాత సైన్స్ పుస్తకం అడగండి, పాఠం ముందే తెలుసు కాబట్టి ఇంగ్లీష్ ఒక్కటే కొత్త.

4. చదివేటప్పుడు డిక్షనరీ ముట్టుకోకూడదు. మర్నాడు అదే మళ్ళీ పైకి చదివి, అప్పటికీ అడ్డుపడ్డ పదాలే చూసుకోవాలి.

తొమ్మిదో క్లాసు పుస్తకం ఆగకుండా వెళ్ళాక మళ్ళీ పేపర్ తీయొచ్చు, క్రికెట్ ఇష్టమన్నారుగా, ముందు స్పోర్ట్స్ పేజీ.