కోతి మెడకు జీపీఎస్ పట్టీ కడితే జీడితోటకు కాపలా అవుతుందా?

ప్రశ్న: మాది ఉద్దానంలో జీడితోట. పిక్క దిగే వేళకు కొండ మీది కోతుల గుంపు తోటలో పడి పండ్లు కొరికి పారేస్తోంది. ఆఫ్రికాలో కోతుల మెడకు జీపీఎస్ పట్టీలు కట్టి, అవి ఎక్కడ తిరుగుతున్నాయో తెలుసుకుంటున్నారని టీవీలో చూశాను. మా గుంపులోని కోతులన్నిటికీ అలా కట్టించవచ్చా? అది వాటిని బాధించదా?
– ఒక జీడి రైతు, మందస మండలం, శ్రీకాకుళం జిల్లా

జవాబు: అన్నిటికీ అక్కరలేదు, గుంపు ఎటు తిరుగుతుందో తెలియడానికి ఎదిగిన ఆడకోతి ఒక్కటి చాలు. గోదావరికి ఉత్తరాన సాధారణంగా కనిపించే రీసస్ కోతుల్లో ఆడవి పుట్టిన గుంపులోనే ఉండిపోతాయి, మగవి ఈడు రాగానే వేరే గుంపు వెతుక్కుంటాయి (మన పెళ్లిళ్ల ఆనవాయితీకి తలకిందులు). మగకోతికి పట్టీ కడితే అది ఏదో ఒకనాడు మీ తోటను విడిచి పక్క ఊరి కబుర్లు చెప్పడం మొదలుపెడుతుంది.

పట్టీ బరువు జంతువు బరువులో 3 నుంచి 5 శాతం దాటకూడదని పరిశోధకులు పాటించే నియమం. అయిదు కిలోల ఆడకోతికి అది 150 నుంచి 250 గ్రాములు. చెట్లెక్కి దూకే జంతువు కనుక తక్కువ అంకె వైపే ఉండడం మంచిదని నా అభిప్రాయం. పిల్లకోతులకు అసలు కట్టరు. మెడ లావవుతున్నకొద్దీ పట్టీ బిగుసుకుంటుంది. మళ్లీ పట్టుకునే అవసరం లేకుండా, నిర్ణీత గడువు తరువాత దానంతటదే విడిపోయే ఏర్పాటు ఉన్న పట్టీలూ ఉన్నాయి.

చాలామంది అనుకున్నట్టు ఈ పట్టీ జీపీఎస్ ఉపగ్రహాలకు ఏమీ పంపదు. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాల్లో కనీసం నాలుగింటి నుంచి సంకేతాలు అందుకుని, తానెక్కడుందో తానే లెక్కకట్టి దాచుకుంటుంది. ఆ లెక్కను మనకు చేరవేయడానికి సిమ్ కార్డో రేడియోనో వేరుగా ఉండాలి. దట్టమైన కొమ్మల కింద లెక్క తప్పే దూరం పెరుగుతుంది. సెకనుకోసారి లెక్కకడితే బ్యాటరీ కొన్ని వారాల్లోనే అయిపోతుంది, గంటకోసారి అయితే నెలల తరబడి వస్తుంది.

కెన్యాలోని ఎంపాలా పరిశోధన కేంద్రం దగ్గర 2012లో ఒకే గుంపులోని 25 బబూన్లకు (ఆఫ్రికాలో ఉండే పెద్ద కోతులు) పట్టీలు కట్టి సెకనుకోసారి స్థానం నమోదు చేశారు. గుంపు ఎటు పోవాలన్నది పెత్తనం చేసే మగకోతి ఇష్టాన్ని బట్టి కాక, ఎక్కువ కోతులు అడుగు వేసిన దిక్కును బట్టి తేలుతుందని 2015లో ఫలితాలు వెలువడ్డాయి. అటూ ఇటూ లాగే దిక్కుల మధ్య ఎడం తక్కువగా ఉంటే గుంపు మధ్యేమార్గం పడుతుందనీ, ఎడం బాగా పెరిగితే ఏదో ఒక దిక్కునే ఎంచుకుంటుందనీ కూడా తేలింది. అంతమందికి పట్టీలు కట్టింది ఆ ప్రశ్న కోసమే. మీ ప్రశ్న అది కాదు.

మీకు పనికొచ్చేది దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ అనుభవం. అక్కడ కాపలావాళ్లు బబూన్లను ఊళ్లోకి రాకుండా తరుముతుంటే, పట్టీలు కట్టిన బబూన్లు ఊరి అంచునే కాచుకుని, సందు దొరకగానే కొద్దిసేపు వేగంగా చొరబడి తిని వెనుదిరుగుతున్నట్టు బయటపడింది. అంటే పట్టీ కోతిని ఆపదు, అది ఏ అంచున, ఏ వేళకు పొంచి ఉంటుందో చెబుతుంది. మీ తోటకూ కొండకూ మధ్య అలాంటి అంచు తెలిస్తే, తోటంతా తిరిగి డప్పు కొట్టే మనిషిని ఆ వేళకు అక్కడే నిలబెట్టవచ్చు. పగటిపూట అరగంటకోసారి నమోదు ఇందుకు సరిపోతుంది. రాత్రి కోతులు చెట్ల మీద నిద్రపోతాయి కనుక అప్పుడు పట్టీని ఆపి బ్యాటరీ మిగుల్చుకోవచ్చు.

ప్రశ్న: కుక్కలకు కట్టే ట్రాకర్ కొని మా ఊరి కోతికి మేమే కట్టవచ్చా?
– ఒక పాఠకురాలు, నెల్లిమర్ల, విజయనగరం జిల్లా

జవాబు: వద్దండి. కోతికి వేళ్లున్నాయి, దాని పక్కన కూర్చుని పేలు చూసే కోతికీ ఉన్నాయి. కుక్క పట్టీ బకిల్ వాటి ముందు నిలవదు. పైగా పట్టీ కట్టాలంటే కోతిని బోనులో పట్టి, పశువైద్యుడు బరువును బట్టి మత్తు ఇచ్చి, తేరుకునేదాకా కనిపెట్టుకుని ఉండాలి. అది అటవీ శాఖకు తెలియకుండా చేసే పని కాదు. రీసస్ కోతి కరిస్తే రేబిస్ భయమే కాక హెర్పిస్ బి అనే వైరస్ సోకే ప్రమాదం కూడా ఉంది. ఎప్పుడైనా కరిచినా రక్కినా గాయాన్ని వెంటనే సబ్బు, పారే నీటితో పదిహేను నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్లండి.