గాడిద చెవులంత కాలం

అమ్ములుకి, పిన్ని ఆశీస్సులు.

వచ్చే నెల లీడ్స్‌లో డాక్టరుగా చేరుతున్నావని అమ్మ చెప్పింది. స్వెట్టర్లు, పచ్చళ్ల సంగతి అమ్మ చూసుకుంటుంది. నేను ఒక్క విషయమే రాస్తాను.

నేను ఇంగ్లండ్ వచ్చిన కొత్తలో ఒక ముసలాయన మోకాలు చూపించి, "ఫర్ డాంకీస్" ఇలాగే ఉంది అన్నాడు. "గాడిద తన్నిందా?" అని అడిగాను. పక్క మంచాలవాళ్లు కూడా పగలబడి నవ్వారు.

అసలు మాట డాంకీస్ ఇయర్స్, అంటే ఏళ్లూ పూళ్లూ. మాట్లాడేటప్పుడు చివరి మాట మింగేస్తారు. గాడిద చెవులు పొడుగు కదా, చెవులకీ ఏళ్లకీ శ్లేష కట్టారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్నుంచీ వాడుతున్నారు. రెండింటినీ ఇయర్స్ అనే పలికే మనకి ఇది ఇంకా బాగా అతకాలి, నాకే వెలగలేదు.

యాంక్స్ (yonks) అన్నా అదే అర్థం. 1960లలో వాడుకలోకొచ్చింది, ఎలా పుట్టిందో నిఘంటువులే తేల్చలేదు. దాని ముందు అంకె పెట్టకు. రెండు యాంక్స్ ఉండవు, ఒక్క యాంకూ ఉండదు.

చిక్కేమిటంటే, ఒకరికి యాంక్స్ అంటే ఆరు వారాలు, ఇంకొకరికి ముప్పై ఏళ్లు. కేస్‌షీట్‌లో ఆ మాట రాస్తే ఎవరికీ పనికిరాదు. ఎన్ని నెలలని సూటిగా అడిగితే తడుముకుంటారు. క్రిస్మస్‌కి ముందా తర్వాతా, కోవిడ్ రోజుల్లో మెట్లెక్కగలిగేవారా అని అడుగు. అమ్మమ్మని మనం "ఈ దగ్గు సంక్రాంతికి ఉందా?" అని అడిగేవాళ్లం కాదూ, అలాగే. ఇన్నాళ్లూ ఓర్చుకున్న మనిషి ఇవాళే ఎందుకొచ్చారో కూడా అడుగు. ఈమధ్య కొత్తగా మారిందేదో అక్కడే బయటపడుతుంది.

తోటివాళ్లు "హావెంట్ సీన్ యూ ఇన్ యాంక్స్" అంటే కంగారుపడి సారీ చెప్పకు. మనం "నల్లపూసైపోయావే" అంటామే, అదే అది. నువ్వు మాత్రం మొదటి ఏడాది ఆ మాటల జోలికి పోకు. అరువు మాట తప్పుచోట పడితే ఎబ్బెట్టుగా ఉంటుంది. మెయిల్లో, ఇంటర్వ్యూలో అసలే వద్దు. అమెరికాలో ఉన్న అన్నయ్యతో అన్నా బుర్ర గోక్కుంటాడు.

నువ్వూ ఈమధ్య నల్లపూసైపోయావు. ఆదివారం సాయంత్రం ఖాళీగానే ఉంటాను, ఫోన్ చెయ్యి.

పిన్ని