పసివాడి ఆపరేషన్‌కి ఇన్సూరెన్స్ ఇవ్వనన్నారు, కోర్టుకి వెళ్ళొచ్చా?

ప్రశ్న: లాయర్ గారూ, మాకు 2025 జనవరి 14న బాబు పుట్టాడు. ఏడో నెల స్కానింగ్‌లోనే బిడ్డ రెండు కిడ్నీలూ ఉబ్బి ఉన్నాయన్నారు. పుట్టాక మూత్రం ధారగా రాలేదు, చుక్కలు చుక్కలుగా వచ్చేది. మూత్రనాళంలో పొర అడ్డుపడిందని, దాన్ని పోస్టీరియర్ యురెత్రల్ వాల్వ్స్ అంటారని చెప్పి తొమ్మిదో రోజున ఆపరేషన్ చేశారు. ఇరవై రోజులు పసిపిల్లల ఐసీయూ (ఎన్‌ఐసీయూ)లో ఉంచారు. బిల్లు 4,80,000 రూపాయలు. నా భార్య నగలు కుదువపెట్టి కట్టాం. 'కడుపుతో ఉన్నప్పుడు ఏం తిన్నావో' అని మా అమ్మ తనని ఇప్పటికీ దెప్పుతూనే ఉంది. రాత్రిళ్ళు మాకు నిద్ర లేదు. మా కంపెనీ గ్రూప్ ఇన్సూరెన్స్‌లో క్లెయిమ్ పెడితే ఏప్రిల్ 9న తిరస్కరించారు. పుట్టుకతో వచ్చిన లోపానికి వర్తించదనీ, బాబు పేరు 30 రోజుల్లోగా పాలసీలో చేర్చలేదనీ రాశారు. బాబు పుట్టిన రెండో రోజే హెచ్‌ఆర్ మేడమ్‌కి వాట్సాప్‌లో ఫోటో పెట్టి చెప్పాను కూడా. 'కంగ్రాట్స్, పేరు యాడ్ చేయిస్తాను, టెన్షన్ పడకండి' అన్నారు. పది నెలలుగా కస్టమర్ కేర్‌కి ఫోన్లు చేస్తూనే ఉన్నాను. డిసెంబరులో ఆ ఉద్యోగం మానేసి హైదరాబాద్‌లోనే ఇంకో కంపెనీలో చేరాను. పాలసీ కాపీ నా దగ్గర లేదు, ఫోన్‌లో ఈ-కార్డు మాత్రమే ఉంది. పాత కంపెనీ మెయిల్‌లో ఉన్నవేవీ నా సొంత మెయిల్‌కి పంపుకోలేదు. భార్యాబిడ్డలు ఏలూరులో మా అత్తగారింట్లో ఉన్నారు. తెలిసిన ఏజెంటు ఒకాయన డిశ్చార్జి సమ్మరీలో 'పుట్టుకతో' అన్న మాట తీయించి, మూత్రంలో ఇన్ఫెక్షన్ అని రాయించుకొస్తే మళ్ళీ క్లెయిమ్ పెట్టిస్తానంటున్నాడు. మా మానసిక క్షోభకి 50 లక్షలకి కేసు వేయొచ్చా?

జవాబు: మీ ఉత్తరంలో ముప్పాతిక భాగం బాబు జబ్బు గురించి, మీ ఇంట్లో గొడవల గురించి ఉంది. మీ కేసు మాత్రం మీరు మాటవరసకి రాసిన ఒక్క వాక్యంలో ఉంది. బాబు పుట్టిన రెండో రోజున హెచ్‌ఆర్‌కి పెట్టిన ఆ వాట్సాప్ మెసేజ్, దానికి వచ్చిన జవాబు. అది ఇంకా మీ ఫోన్‌లో ఉందా? ఇది చదవడం ఆపి ముందు అది చూడండి.

ఉంటే, ఆ ఫోన్‌ని ఎక్స్ఛేంజ్‌లో ఇవ్వకండి, రీసెట్ చేయకండి. స్క్రీన్‌షాట్ ఒక్కటే తీసి ఊరుకోకండి. ఆ చాట్ మొత్తాన్ని ఎక్స్‌పోర్ట్ చేసి మీ మెయిల్‌కి పంపుకోండి. నంబరు, తేదీ, సమయం కనిపించేలా ప్రింట్ తీయండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యం పెట్టేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్, 2023లోని సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేయాలి. మీ కేసు వెళ్ళాల్సిన వినియోగదారుల కమిషన్‌లో (కన్స్యూమర్ కోర్టులో) సాక్ష్యం నిబంధనల పట్టింపు సివిల్ కోర్టులో ఉన్నంత ఉండదు. అయినా జతచేయండి, అవతలివాళ్ళు నోరెత్తే అవకాశం ఇవ్వకండి.

ఆ మెసేజ్‌కి ఎందుకింత విలువ ఇస్తున్నానంటే, మీ తిరస్కరణ లేఖలో రెండు కారణాలున్నాయి. మీరు మొదటిదాన్ని చూసి భయపడుతున్నారు. నాకు రెండోదాని గురించే బెంగ.

మొదటి కారణం, పుట్టుకతో వచ్చిన లోపం. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన నిర్వచనాల్లో ఇలాంటి లోపాలు రెండు రకాలు. ఒంటి మీద కంటికి కనిపించే, చేతికి అందే భాగంలో ఉంటే బాహ్య లోపం. అలా కనిపించకుండా లోపల ఉంటే అంతర్గత లోపం. పాలసీలు సాధారణంగా మినహాయించేది బాహ్య లోపాల్ని. మీ బాబుకి వచ్చింది మగపిల్లలకి మాత్రమే వచ్చే సమస్య. పొర ఉన్నది మూత్రనాళం లోపల. మూత్రాశయంలోకి మందు ఎక్కించి ఎక్స్‌రే తీస్తేనో, సన్న గొట్టంతో లోపలికి చూస్తేనో తప్ప తెలియదు. దీన్ని బాహ్య లోపం అనడానికి ఏ డాక్టరూ ఒప్పుకోడు. ఆపరేషన్ చేసిన పిల్లల సర్జన్ దగ్గరికి వెళ్ళి ఒక పేరా రాయించుకోండి: అడ్డు ఎక్కడ ఉంది, ఏ పరీక్షలో బయటపడింది, బయటినుంచి చూస్తే కనిపిస్తుందా లేదా. అంతే చాలు. మీ పాలసీలో 'బాహ్య' అన్న మాట లేకుండా ఉత్తి 'పుట్టుకతో వచ్చిన లోపాలు' అని ఉంటే వాదన కొంత కష్టమవుతుంది. అప్పుడు కూడా రెండు అర్థాలు వచ్చే క్లాజుని రాసినవాడికి వ్యతిరేకంగానే చదవాలన్నది బీమా కేసుల్లో పాత సూత్రం.

పాలసీలో ఏముందో నేను ఊహించి చెప్పాల్సి వస్తోంది. ఎందుకంటే మీ దగ్గర పాలసీ లేదు, ఫోన్‌లో ఈ-కార్డు మాత్రమే ఉందని రాశారు. 4,80,000 రూపాయల క్లెయిమ్ పెట్టి, అది పోయి పది నెలలైనా పాలసీ చదవకపోవడం ఏమిటండీ! పైగా ఉద్యోగం మానేసేటప్పుడు కంపెనీ మెయిల్‌లో ఉన్న ఒక్క కాగితం కూడా మీ సొంత మెయిల్‌కి పంపుకోలేదు. ఇన్సూరెన్స్ విషయమై హెచ్‌ఆర్‌కి పెట్టిన మెయిళ్ళు, పేర్ల నమోదు తాలూకు మెయిళ్ళు అన్నీ ఆ రోజుతో మీ చేతిలోంచి పోయాయి. నిద్ర లేని రాత్రుల్లో ఇవన్నీ గుర్తుండవని నాకు తెలుసు. కమిషన్ మాత్రం కాగితం చూసే తీర్పిస్తుంది.

ఇక రెండో కారణం. గ్రూప్ పాలసీలో పసిబిడ్డకి మొదటి రోజునుంచీ కవరేజీ ఉన్నా, ఫలానా గడువులోగా పేరు చేర్చమని షరతు ఉంటుంది. మీరు రెండో రోజే చెప్పారు, కానీ చెప్పింది హెచ్‌ఆర్‌కి. కాబట్టి కేసంతా ఒక ప్రశ్న మీద నిలబడుతుంది. హెచ్‌ఆర్‌కి చెప్తే ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పినట్టేనా?

చెప్పినట్టే అనడానికి మనకి ఆధారం ఉంది. ఢిల్లీ ఎలక్ట్రిక్ సప్లై అండర్‌టేకింగ్ వర్సెస్ బసంతి దేవి కేసులో, ఉద్యోగి జీతంలోంచి ప్రీమియం కోసి కట్టే ఏర్పాటులో యజమాని ఎల్‌ఐసీకి ఏజెంటుగానే వ్యవహరించినట్టని 1999లో సుప్రీంకోర్టు తేల్చింది. అది జీవిత బీమా కేసు, మీ కేసుకి అచ్చంగా అతకదు. కానీ సూత్రం పనికొస్తుంది. గ్రూప్ పాలసీలో పేర్ల చేర్పులు, తీసివేతలు అన్నీ హెచ్‌ఆర్ ద్వారానే జరగాలని పెట్టుకున్నది ఇన్సూరెన్స్ కంపెనీవాళ్ళే. ఉద్యోగి నేరుగా వెళ్ళి పేరు చేర్చుకునే దారి లేనప్పుడు, ఉన్న ఒక్క తలుపూ మీరు తట్టారు.

ఇక్కడే మీ పే స్లిప్పులు ముఖ్యం. 2025 జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఉన్నవి బయటికి తీయండి. ఇన్సూరెన్స్ పేరుతో ఒక్క రూపాయి కోత ఉన్నా బంగారంలా దాచండి. హెచ్‌ఆర్ అసలు పేరు పంపనేలేదని తేలితే ఇన్సూరెన్స్ కంపెనీ 'మాకు తెలియదు' అంటుంది. మీ పాత కంపెనీ 'మేము ఉచితంగా ఇచ్చాం, నువ్వు మా వినియోగదారుడివి కాదు' అంటుంది. జీతంలో కోత ఉంటే రెండో మాట అనలేరు. మీరు ఉద్యోగం మానేశారన్న మాట ఎవరైనా తెస్తే పట్టించుకోకండి. ఆపరేషన్ నాటికి మీరు ఉద్యోగంలో ఉన్నారు, అంతవరకే కావాలి.

ఆ ఏజెంటు మాట వినొద్దు. ఇంకోసారి ఫోన్ చేస్తే మాట్లాడొద్దు. అసలు డిశ్చార్జి సమ్మరీ మొదటి క్లెయిమ్‌తో పాటే వాళ్ళ ఫైల్లోకి వెళ్ళిపోయింది. ఇప్పుడు రెండోది పెడితే రెండూ పక్కపక్కన పెట్టి చూస్తారు. భారతీయ న్యాయ సంహితలో మోసానికి సెక్షన్ 318, ఫోర్జరీకి 336, దొంగ పత్రాన్ని అసలైనదిగా వాడినందుకు 340 ఉన్నాయి. గెలవాల్సిన క్లెయిమ్ పోవడమే కాదు, మీరు ముద్దాయి అవుతారు. డబ్బు పక్కన పెట్టి ఇంకో సంగతి ఆలోచించండి. ఈ పిల్లలకి ఆపరేషన్‌తో అయిపోదు. ఏళ్ళ తరబడి క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష), బీపీ, మూత్రాశయం పనితీరు చూస్తూ ఉండాలి, కొందరికి పెద్దయ్యేలోగా కిడ్నీలు దెబ్బతింటాయి. రేపు బాబుకి ఆరేళ్ళప్పుడు కొత్త డాక్టరు ఆ సమ్మరీ చదివి 'పసితనంలో ఇన్ఫెక్షనేగా' అనుకుంటే ఏమవుతుంది? ఆ కాగితం మీకంటే వాడికి ఎక్కువ కావాలి. దాంట్లో ఒక్క అక్షరం కూడా మార్చడానికి వీల్లేదు.

గడువు సంగతి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 69 ప్రకారం రెండేళ్ళలోగా ఫిర్యాదు వేయాలి. తిరస్కరణ 2025 ఏప్రిల్ 9న కాబట్టి 2027 ఏప్రిల్ మొదటి వారం దాటకూడదు. మీరు చేసిన ఫోన్లు ఆ గడువుని ఒక్క రోజు కూడా పెంచవు. ఇకముందు రాసే ఉత్తరాలూ పెంచవు. 'బిడ్డ మైనరు కదా, టైముంది' అని ఎవరైనా చెప్తే దాని మీద ఆధారపడకండి, డబ్బు కట్టింది మీరు.

ఇలాంటి క్లెయిములకి నేను చాలామందికి ముందు బీమా ఫిర్యాదులు విని తేల్చే అధికారి, అంటే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికే వెళ్ళమంటాను. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, 50 లక్షల దాకా చూస్తారు, రెండు తెలుగు రాష్ట్రాలకీ ఆఫీసు హైదరాబాద్‌లోనే. మీకు మాత్రం కమిషన్‌కే వెళ్ళమంటున్నాను. అంబుడ్స్‌మన్ ఇన్సూరెన్స్ కంపెనీని అడగగలరు గానీ మీ పాత కంపెనీని పిలిచి 'ఈ పేరు ఎందుకు పంపలేదు' అని అడగలేరు. మీ కేసులో తేలాల్సింది అదే. కమిషన్‌లో ఇద్దరినీ ప్రతివాదులుగా పెట్టొచ్చు. ఒకరి మీద ఒకరు చెప్పుకుంటే మీకే మేలు.

దానికి ముందు ఈ వారంలో రెండు ఉత్తరాలు రాయండి. ఇన్సూరెన్స్ కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ అధికారికి మెయిల్, దాంతోపాటు అదే ఉత్తరం రిజిస్టర్డ్ పోస్టులో. అందులో మాస్టర్ పాలసీ, అంటే మీ కంపెనీ పేరు మీద ఉన్న అసలు పాలసీ కాపీ అడగండి. ఏ క్లాజు నంబరు కింద తిరస్కరించారో అడగండి. 2024 మే 29 నాటి ఐఆర్‌డీఏఐ మాస్టర్ సర్క్యులర్ ప్రకారం క్లెయిమ్ సమీక్ష కమిటీ ఆమోదం లేకుండా తిరస్కరించకూడదు, ఆ ఆమోదం చూపించమనండి. రెండో ఉత్తరం పాత కంపెనీకి: బాబు పేరు ఏ తేదీన పంపారు, పంపిన మెయిల్ కాపీ ఇవ్వండి అని. ఇద్దరికీ నెల రోజులు గడువివ్వండి. జవాబు రాకపోతే అదే ఒక సాక్ష్యం. వాళ్ళు కొత్త కారణాలు వెతుకుతారని భయపడకండి. ఏడో నెల స్కానింగ్‌లోనే జబ్బు తెలిసినా చెప్పలేదని ఇప్పుడు ఎత్తినా చెల్లదు. తిరస్కరణ లేఖలో లేని కారణాన్ని తర్వాత తేకూడదని సౌరాష్ట్ర కెమికల్స్ కేసులో 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే ఆ లేఖ, అది వచ్చిన మెయిల్ తేదీతో సహా, భద్రంగా ఉంచండి.

ఫిర్యాదు ఎక్కడ వేయాలంటే, మీరు నివసించే చోటగానీ, ఉద్యోగం చేసే చోటగానీ. హైదరాబాద్‌లో వేసుకుంటే మీకు సెలవులు మిగులుతాయి. 50 లక్షల సంగతి మర్చిపోండి. 2019 చట్టంలో జిల్లా, రాష్ట్ర, జాతీయ కమిషన్లలో దేనికి వెళ్ళాలో తేల్చేది మీరు అడిగే పరిహారం కాదు, ఆ సేవకి చెల్లించిన మొత్తం, అంటే ఇక్కడ ప్రీమియం. అది ఐదు లక్షల్లోపు ఉంటే ఫీజు కూడా లేదు. బిల్లు మొత్తం, దాని మీద వడ్డీ, కుదువ పెట్టిన నగలకి కట్టిన వడ్డీ రసీదులు, ఒక మోస్తరు పరిహారం, ఖర్చులు అడగండి. రసీదు ఉన్న లక్షకి కమిషన్ దగ్గర ఉండే విలువ, రసీదు లేని 50 లక్షలకి ఉండదు. నోటీసు అందాక అవతలివాళ్ళు 30 రోజుల్లో, మహా అయితే ఇంకో 15 రోజుల్లో జవాబు వేయాలి. ఆ తర్వాత వేయడానికి వీల్లేదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చేసింది, మీ లాయరుకి ఆ సంగతి గుర్తుచేయండి.

చివరగా, కొత్త కంపెనీలో చేరి రెండు నెలలైంది కదా. అక్కడి ఇన్సూరెన్స్‌లో బాబు పేరు ఉందా? ఈ రాత్రే చూడండి. లేకపోతే రేపు పొద్దున్నే బాబు జనన ధ్రువీకరణ పత్రం జతచేసి, అడిగిన చోట జబ్బు వివరాలు ఉన్నదున్నట్టు రాసి హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టండి, మీ సొంత మెయిల్‌కి ఒక కాపీ పెట్టుకోండి. పేరు చేరిన కొత్త కార్డు చేతికొచ్చేదాకా వారానికోసారి అడుగుతూనే ఉండండి.