టైమ్‌షేర్ విల్లా కొనబోతున్న మేనల్లుడికి

బరంపురం.

చిరంజీవి మేనల్లుడికి మేనమామ ఆశీర్వదించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

ఓర్లాండోలోని డిస్నీ రిసార్టులో టైమ్‌షేర్, అంటే ఏటా కొన్నాళ్లు అక్కడ గది వాడుకునే హక్కు, తీసుకోవాలనుకుంటున్నావనీ, పాయింటుకు 200 డాలర్ల చొప్పున 150 పాయింట్లకు 30,000 డాలర్లు అవుతుందంటున్నారనీ, ఆ ధర సబబేనా అనీ మీ అమ్మ చేత అడిగించావు. బ్యాంకులో అప్పుల కాగితాలు పరిశీలించడమే నా ఉద్యోగంగా గడిచింది. ఫ్లోరిడాలో మా పెద్దమ్మాయి వాళ్లు ఇలాంటి సభ్యత్వమే తీసుకున్నప్పుడు ఆ ఒప్పందాన్ని మొదటి పుట నుంచి చివరి పుట దాకా చదివాను కూడా. ఆ 30,000 డాలర్లు నువ్వు చెల్లించబోయే ధరలో ఒక భాగం మాత్రమే. నువ్వు ఉండే గదికి రాత్రికి ఎంత పడుతుందో లెక్క తేలేదాకా అది ఎక్కువో తక్కువో ఎవరూ చెప్పలేరు.

ముందుగా నువ్వు కొనేది ఏమిటో చూడు. అది శాశ్వతమైన ఆస్తి కాదు, గడువున్న హక్కు. ఆ గడువు తీరేదాకా ఏటా నీకు 150 పాయింట్లు వస్తాయి, వాటితోనే గది తీసుకోవాలి. 1991లో తెరిచిన డిస్నీ వారి ఓల్డ్ కీ వెస్ట్ రిసార్టులో తొలి ఒప్పందాలు 2042 జనవరి 31తో ముగుస్తాయి. రివియెరా రిసార్టు ఒప్పందాలు 2070 దాకా ఉంటాయి. కాబట్టి రెండు ధరలను పోల్చేటప్పుడు పాయింటు ధరను మిగిలిన సంవత్సరాలతో భాగించి చూడాలి. 45 ఏళ్లు మిగిలి ఉన్నాయనుకుంటే నీ 150 పాయింట్లు మొత్తం 6,750 అవుతాయి, అంటే పాయింటుకు సుమారు నాలుగున్నర డాలర్లు. అమ్మేవారు ఇక్కడితో ఆపి, ఎంత చవకో చూడమంటారు.

అయితే ప్రతి ఏటా పాయింటుకు ఇంత అని నిర్వహణ రుసుము కట్టాలి. ఆస్తి పన్ను, బీమా, గదుల శుభ్రత, పాతబడిన సామాను మార్పు ఇవన్నీ అందులోనే వస్తాయి, ఆ ఖర్చులు పెరిగినకొద్దీ రుసుమూ పెరుగుతుంది. సముద్రం ఒడ్డున ఉన్న వీరో బీచ్ రిసార్టు రుసుము ఓర్లాండోలోని చాలా రిసార్టుల కంటే ఎక్కువ. నీ విషయంలో పాయింటుకు 9 డాలర్లు అనుకుంటే ఏడాదికి 1,350 డాలర్లు. నువ్వు వెళ్లినా, వెళ్లకపోయినా అది కట్టవలసిందే.

ఇంకొక ఖర్చు కాగితం మీద కనిపించదు. అదే 30,000 డాలర్లు ఏటా 5 శాతం వడ్డీ తెచ్చే చోట ఉంటే, 45 ఏళ్లపాటు అసలూ వడ్డీ కలిపి ఏడాదికి సుమారు 1,690 డాలర్లు తీసుకోగలిగేవాడివి. పాయింటుకు చూస్తే 11 డాలర్ల పైమాటే. రుసుముతో కలిపితే నీ పాయింటు నీకు 20 డాలర్లకు పడుతుందన్నమాట. నా దృష్టిలో నిజమైన ధర ఇదే. ఇక అమ్మేవారే ఇచ్చే అప్పు మీద కొనేవారికి ఇది ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే టైమ్‌షేర్ అప్పుల వడ్డీ ఇంటి అప్పు వడ్డీ కంటే బాగా ఎక్కువ. అప్పు చేసి మాత్రం ఇది కొనవద్దు.

ఇప్పుడు గది సంగతి. గదికి ఎన్ని పాయింట్లన్నది కాలాన్ని బట్టీ, వారాన్ని బట్టీ, కిటికీ నుంచి కనిపించే దృశ్యాన్ని బట్టీ మారుతుంది. దసరా పూజలకు బెంగాలీ యాత్రికులు దిగగానే మన గోపాల్‌పూర్ హోటళ్లలో అద్దెలు పెరిగినట్లే, అక్కడ క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా పాయింట్లు అత్యధికంగా ఉంటాయి, సెప్టెంబరులో తగ్గుతాయి, శుక్ర, శని వారాల రాత్రులకు మిగిలిన రోజుల కంటే ఎక్కువ పడతాయి.

పర్లాకిమిడి నుంచి అక్కయ్యా బావగారూ వస్తే బయటి తిండి పడదు. స్టూడియో అనే ఒంటి గదిలో మైక్రోవేవ్, చిన్న ఫ్రిజ్ తప్ప పొయ్యి ఉండదు. పూర్తి వంటగది, బట్టలు ఉతికే యంత్రం కావాలంటే ఒక పడకగది ఉన్న విల్లా తీసుకోవాలి, దానికి స్టూడియో కంటే దాదాపు రెట్టింపు పాయింట్లు. రాత్రికి 40 పాయింట్లు అనుకుంటే వారానికి 280, అంటే దాదాపు నీ రెండేళ్ల కోటా. ఒక ఏడాది పాయింట్లను మరుసటి ఏడాదికి దాచుకోవచ్చు, వచ్చే ఏటివి ముందుగా వాడుకోవచ్చు కాబట్టి ఇది సాధ్యమే. కానీ అప్పుడు నువ్వు రెండేళ్లకొకసారి వెళ్లే వారానికి 5,600 డాలర్లు, రాత్రికి 800 డాలర్లు ఇస్తున్నావు. అదే విల్లాకు అదే తేదీల్లో హోటల్ అద్దె ఎంతో కనుక్కొని పక్కన పెట్టి చూడు. ఆ స్థాయి గదుల్లో ఎలాగూ దిగేవాడివైతే ఇది నీకు ఆదా. రహదారి పక్కన మామూలు హోటల్లో సంతోషంగా ఉండే కుటుంబం మీది అయితే, ఎంత తగ్గించి ఇచ్చినా ఇది అదనపు ఖర్చే.

పాత సభ్యుల దగ్గర కొంటే పాయింటు చాలా తక్కువకు వస్తుంది. అయితే 2019 జనవరి 19 తరువాత అలా కొన్న పాత రిసార్టుల పాయింట్లతో రివియెరాలో గది దొరకదు. రివియెరా పాయింట్లు అలా కొంటే అక్కడ తప్ప మరెక్కడా చెల్లవు. రేపు నువ్వు అమ్మబోతే కొనేవాడికీ ఈ పరిమితే ఎదురవుతుంది కనుక నీకు వచ్చే ధర దాన్ని బట్టే ఉంటుంది. నీ రిసార్టులో 11 నెలల ముందు నుంచీ, మిగతా వాటిలో 7 నెలల ముందు నుంచి మాత్రమే గది తీసుకోగలవు. అందుకని చవకగా వచ్చిందని కాకుండా, నిజంగా ఉండాలనుకునే రిసార్టునే కొను.

నా సలహా అడిగితే, ఈ ఏడాది కొనకుండా ఒక సభ్యుని పాయింట్లు అద్దెకు తీసుకొని మీ అమ్మానాన్నలతో ఒక వారం ఉండి రా. ఒకవేళ ఈ జాబు అందేసరికే సంతకం చేసి ఉంటే, ఫ్లోరిడా చట్టం ప్రకారం సంతకం చేసిన రోజు, చివరి కాగితం చేతికి అందిన రోజు, ఈ రెంటిలో ఏది తరువాతదైతే దాని నుంచి 10 రోజుల లోపు ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చు. రద్దు లేఖ వ్రాతపూర్వకంగా, ఒప్పందంలో ఇచ్చిన చిరునామాకే పంపి, పంపినట్లు రశీదు దాచుకో. కాగితాలు రాగానే పాయింట్ల పట్టిక, గత ఐదేళ్ల రుసుముల వివరం నాకూ పంపు. చదివి వెంటనే జాబు వ్రాస్తాను.

ఇట్లు,
మీ మేనమామ