“అన్నారు” అని మార్చి చదవండి

ప్రశ్న: ఇంటికి రెండు పేపర్లు వస్తాయి. ఒకే సభను ఒకటి “జనసంద్రం” అంటే, ఇంకొకటి “వెలవెలబోయింది” అంటుంది. ఏది నమ్మాలి?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: శీర్షిక వదిలేసి లోపలికి వెళ్లండి. పెన్సిల్ తీసుకుని విశేషణాలన్నీ కొట్టేయండి. ఏ ఊరు, ఏ పూట, ఎవరేమన్నారు అన్నవి మిగులుతాయి. ఇవి రెండింట్లోనూ కలిస్తే ఆ మేరకు నమ్మొచ్చు. జనం లెక్క ఎవరు చెప్పారో రాయకపోతే ఆ అంకెను పక్కన పెట్టండి. ఫొటోలూ అంతే. తలల ఎత్తులో కెమెరా పెట్టి దూరపు లెన్సుతో తీస్తే పలచటి జనమూ కిక్కిరిసినట్టుంటుంది. నాయకుడు రాకముందు తీస్తే ఎంత పెద్ద సభలోనైనా ఖాళీ కుర్చీలే. రెండూ అసలు ఫొటోలే మరి!

అసలు కిటుకంతా క్రియలో ఉంటుంది. ఒకే రకం మాటకు ఒకాయన “స్పష్టం చేశారు”, ఇంకొకాయన “బుకాయించారు”. “వెల్లడించారు” అని రాస్తే, ఆ మాట నిజమని పేపరే ఒప్పేసుకున్నట్టు. అన్నిచోట్లా “అన్నారు” పెట్టి చదవండి, పూసిన రంగు ఊడొస్తుంది. “తెలిసింది”, “సమాచారం” అంటూ ముగిసే వాక్యానికి పేరు పెట్టి పూచీపడ్డవాళ్లు లేరు. శీర్షిక చివర ప్రశ్నార్థకం ఉంటే రుజువు ఇంకా చేతికి రాలేదనే అనుకోండి. మా పత్రికనూ ఇలాగే చదవండి.

ప్రశ్న: “మన జిల్లాలోనే” అంటూ వాట్సాప్‌లో వచ్చే వీడియోల్ని ఎలా తేల్చుకోవాలి?
– ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: రెండు బాణాల గుర్తుంటే అది కనీసం అయిదు చేతులు మారి వచ్చింది. గుర్తు లేదని ధీమా పడొద్దు. ఫోన్‌లో సేవ్ చేసి కొత్తగా పంపితే అది పోతుంది. దుకాణం బోర్డో, బండి నంబరో కనిపించే చోట వీడియో ఆపి స్క్రీన్‌షాట్ తీయండి. పైన అతికించిన రాతలు కత్తిరించి గూగుల్ లెన్స్‌లో వెతకండి. వచ్చినవాటిలో అన్నిటికంటే పాత తేదీ చూడండి. ఏమీ దొరకకపోతే బొమ్మను అద్దంలోలా తిప్పి మళ్లీ వెతకండి. దొరక్కూడదనే కొందరు తిప్పేసి వదులుతారు.

నిడివి ఎక్కువున్న వీడియో దొరికితే చివరిదాకా చూడాలి. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా అంటూ దేశమంతా తిరిగిన వీడియో కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన ప్రచార చిత్రం. పిల్లాణ్ని వెనక్కి తెచ్చి దింపే చివరి ముక్కను ఎవరో కోసేశారు.